జెనోవా: ప్రాసాదాలు, చర్చిలు

జెనోవా ఇటలీ వాయవ్య తీరంలో ఉన్న రేవు పట్టణం, లిగూరియా ప్రాంతానికి రాజధాని. వెనక నిటారు కొండలు, ముందు సముద్రం, రెండింటి నడుమ ఇరుకు నేల. చోటు చాలక ఊరు పైపైకి పెరిగింది. పాత పట్టణంలో సందులు ఎంత సన్నగా ఉంటాయంటే చాలాచోట్ల ఎండ నేలను తాకదు. అలాంటి సందుల్లోంచి ఒక వాకిలి దాటితే పాలరాతి మెట్లు, స్తంభాల నడవాలు, బంగారు పూత పూసిన పైకప్పులు కనిపిస్తాయి. ఈ వైభవాన్ని ఏ రాజూ కట్టించలేదు. మధ్యయుగం నుంచి 1797లో నెపోలియన్ కాలపు మార్పుల దాకా జెనోవా గణతంత్రంగానే ఉంది. 1339 నుంచి దాని అధిపతిని డోజ్ అనేవారు. 1528 తరువాత ఆ పదవి రెండేళ్ళకోసారి చేతులు మారేది. రెండేళ్ళు మాత్రమే పదవిలో ఉండేవాడు వంశం పేరుతో కోట కట్టుకోలేడు కదా. అందుకే ఇక్కడి ప్రాసాదాలు, చర్చిలు దాదాపు అన్నీ కుటుంబాల కట్టడాలు. డోరియా, స్పినోలా, గ్రిమాల్డి, ఫియెస్కి, లొమెల్లిని, పల్లవిచినో, సౌలి, బాల్బి, బ్రిన్యోలె వంటి ఇంటిపేర్లు తెలిస్తే సగం నగరం తెలిసినట్టే. ఏ కట్టడం ముందు నిలబడినా, దీనికి డబ్బు ఎవరిది, ఎందుకు పెట్టారు అని అడిగితే సమాధానం గోడమీదే దొరుకుతుంది. కొన్నిచోట్ల అది అక్షరాలా చెక్కి ఉంటుంది.

విడిది ఇళ్ళ జాబితా

1575లో పాత కులీనులకూ కొత్త కులీనులకూ మధ్య అంతర్యుద్ధం జరిగింది. 1576లో రాజీ కుదిరి కొత్త శాసనాలు వచ్చాయి. అదే ఏడాది సెనేట్ ఒక విచిత్రమైన ఏర్పాటు చేసింది. నగరానికి విదేశాల నుంచి రాజులు, రాయబారులు, కార్డినళ్ళు వస్తే దింపడానికి రాజభవనం లేదు. కాబట్టి ఊళ్ళోని ఘనమైన ఇళ్ళన్నిటికీ జాబితాలు రాశారు. వాటి పేరు రోల్లి. ఇళ్ళను తరగతులుగా విడదీసి, వచ్చే అతిథి హోదాకు తగిన తరగతిలోంచి చీటీ తీసేవారు. చీటీ ఎవరి పేర వస్తే వారింట్లో విడిది. పల్లెలో పెళ్ళివారిని పెద్దల ఇళ్ళలో దింపినట్టే ఇది, అయితే ఇక్కడ దాన్ని చట్టం చేశారు.

1576 నుంచి 1664 వరకు ఈ జాబితాను పలుమార్లు తిరగరాశారు. అందులో పేరు ఉండటం ఖర్చు, అంతకు మించిన గౌరవం కూడా. ఎప్పుడు ఏ రాజు వస్తాడో తెలియదు గనుక ఇల్లు ఎప్పుడూ రాజుకు తగినట్టు ఉండాలి. పక్కింటివాడి మెట్లు వెడల్పుగా ఉంటే మనవి ఇంకా వెడల్పుగా ఉండాలి. జెనోవా వాస్తుకు ఇంతటి పోటీ తత్వం వచ్చిందంటే ఈ జాబితా పాత్ర చిన్నది కాదు. 2006లో యునెస్కో 42 రోల్లి ప్రాసాదాలను, వాటి చుట్టూ ఉన్న కొత్త వీధులతో కలిపి, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ డబ్బంతా ఎక్కడిది? 1528లో నౌకాధిపతి ఆండ్రెయా డోరియా ఫ్రాన్స్ పక్షం వదిలి చక్రవర్తి ఐదవ చార్లెస్‌తో చేతులు కలిపాడు. ఆ పొత్తుతో జెనోవా వర్తకులు స్పెయిన్ రాజులకు అప్పులిచ్చే షావుకార్లయ్యారు. అమెరికా ఖండం నుంచి స్పెయిన్‌కు చేరే వెండిలో పెద్ద భాగం వడ్డీ రూపంలో ఈ ఇరుకు సందుల్లోకి వచ్చి పడింది. తరువాతి వందేళ్ళను చరిత్రకారులు జెనోవా వాళ్ళ శతాబ్దం అంటారు.

కొత్త వీధి

ఆ వెండి కళ్ళకు కట్టినట్టు కనిపించేది స్త్రాదా నువొవాలో, అంటే కొత్త వీధిలో. ఇప్పుడు దాని పేరు గారిబాల్డి వీధి. 1550ల ఆరంభంలో పాత పట్టణం అంచున, కొండ వాలు కింద, గీత గీసినట్టు తిన్నగా ఈ వీధి వేసి స్థలాలు అమ్మారు. పొడవు సుమారు 250 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. ఇంత చిన్న వీధిలో ఇరువైపులా ప్రాసాదాలే. అప్పటి యూరప్‌లో కులీనుల కోసమే ఒకే పథకంగా రూపొందిన ఇలాంటి వీధి మరొకటి చూపడం కష్టం.

ఈ ఇళ్ళ గొప్పతనం వీధిలోంచి పూర్తిగా కనిపించదు. స్థలం వాలు మీద ఉంది. కట్టినవాళ్ళు ఆ ఇబ్బందినే అందంగా మలిచారు. వాకిలి తరువాత విశాలమైన ముందు హాలు, అక్కడి నుంచి మెట్లు, మెట్ల పైన స్తంభాల నడవాలతో ముంగిలి, మళ్ళీ మెట్లు, ఆ పైన తోట, తోట చివర జలదేవతల గుహ. లోపలికి నడుస్తున్నకొద్దీ పైకి ఎక్కుతూ, చీకట్లోంచి వెలుతురులోకి వెళతాం.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ డోరియా తుర్సి ప్రాసాదం. 1565లో నికొలో గ్రిమాల్డి కోసం దొమెనికో, జొవాన్ని పొన్‌జెల్లోలు దీన్ని మొదలుపెట్టారు. నికొలో స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్‌కు ఎంత పెద్ద అప్పులిచ్చాడంటే ఊరు అతన్ని మోనార్క్ అని పిలిచేది. రాజు చెల్లింపులు ఆపేసిన కాలంలో ఆ అప్పులే అతన్ని ముంచాయి. 1597లో ఇల్లు డోరియాల చేతికి పోయింది. వారిలో తుర్సి డ్యూక్ అయిన కార్లో పేరే దీనికి నిలిచింది. గులాబిరంగు రాయి, నల్లని పలకరాయి, తెల్ల పాలరాయి కలిసిన ముఖభాగం వీధిలో అన్నిటికన్నా పొడవైనది. 1848 నుంచి ఇది నగరపాలక సంస్థ కార్యాలయం. లోపలి మ్యూజియం గదుల్లో నికొలో పగనీని వయొలిన్ ఉంది. 1743లో గ్వార్నేరి దెల్ జేసు చేసిన ఆ వాద్యాన్ని, దాని నాదగాంభీర్యం వల్ల పగనీని ఫిరంగి అనేవాడు. జెనోవాలోనే పుట్టిన ఆ విద్వాంసుడు దాన్ని తన ఊరికే రాసిచ్చాడు.

ఎదురుగా ఎర్ర ప్రాసాదం, పలాజ్జో రోస్సో. 1670లలో బ్రిన్యోలె సాలె సోదరులు రొదోల్ఫో, జొవాన్ ఫ్రాంచెస్కోల కోసం పియెత్రో ఆంతొనియో కొర్రాది కట్టాడు. అన్నదమ్ములిద్దరికీ సమానంగా ఉండాలని ఒకదానిపై ఒకటిగా రెండు ప్రధాన అంతస్తులు వేశారు. వసంతం, గ్రీష్మం, శరత్తు, శిశిరం పేర్లతో నాలుగు గదులున్నాయి. మొదటి రెండింటి పైకప్పులు గ్రెగోరియో దె ఫెర్రారి చిత్రించాడు, తరువాతి రెండూ అతని మామ దొమెనికో పియొలా. ఎక్కడ గచ్చుబొమ్మ ఆగి ఎక్కడ రంగు మొదలైందో కన్ను పోల్చుకోలేదు. నగరంలో ఒక్క చోటే పైకప్పు చిత్రాలు చూడగలిగే తీరిక ఉంటే ఈ నాలుగు గదులకే కేటాయించాలి. ఆంతోనీ వాన్ డైక్ గీసిన బ్రిన్యోలె సాలె కుటుంబ చిత్రపటాలు కూడా ఇక్కడే ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధపు బాంబుదాడుల్లో పెద్ద హాలు పైకప్పు చిత్రం నాశనమైంది. 1950లలో ఫ్రాంకో అల్బిని భవనాన్ని బాగుచేశాడు. మిద్దె మీదికి ఎక్కితే పలకరాతి కప్పులు, గంటగోపురాలు, రేవు ఒక్క చూపులో అందుతాయి.

తుర్సి పక్కనున్న తెల్ల ప్రాసాదం, పలాజ్జో బియాంకో, పదహారో శతాబ్దపు గ్రిమాల్డి ఇల్లు. 1710లలో తిరిగి కట్టగా ఇప్పటి రూపం వచ్చింది. చిత్రశాలగా దాన్ని చూడాలి, ఇల్లుగా కాదు. ఇల్లుగా చూస్తే 7వ నంబరు ఇల్లు, నికొలోసియో లొమెల్లినో ప్రాసాదం, ఎక్కువ ఆసక్తికరం. లేతనీలం గోడమీద తెల్లని గచ్చు పని. లోపల బెర్నార్దో స్త్రోత్సి 1620లలో వేసిన కుడ్యచిత్రాలు యజమానితో తగవు వచ్చి సున్నం కింద మరుగునపడ్డాయి. ఈ శతాబ్దం ఆరంభంలోనే మళ్ళీ వెలుగు చూశాయి. వాణిజ్య మండలి కార్యాలయమైన తొబియా పల్లవిచినో ప్రాసాదంలో లొరెంజో దె ఫెర్రారి రూపొందించిన స్వర్ణశాల ఉంది.

పీటర్ పాల్ రూబెన్స్ ఈ వీధిని చూసి ముగ్ధుడయ్యాడు. మాంటువా డ్యూక్ కొలువులో ఉండగా జెనోవా వచ్చి, ఇళ్ళ నక్షాలు సేకరించి, 1622లో ఆంట్వెర్ప్‌లో జెనోవా ప్రాసాదాలపై ఒక గ్రంథమే అచ్చువేశాడు. రాజుల కోటలు ఎవరికో ఒకరికి పనికొస్తాయి, కుటుంబాలు కాపురముండే మంచి ఇళ్ళు ఊరంతటికీ ఆదర్శమవుతాయి అన్నది అతని ఆలోచన. తన ఊరివాళ్ళు వీటిని చూసి కట్టుకోవాలని కోరుకున్నాడు.

సాన్ లొరెంజో, సాన్ మత్తేయో

నగర కేథడ్రల్ సాన్ లొరెంజో. 1118లో రెండవ గెలేసియస్ పోపు దీన్ని ప్రతిష్ఠించాడు. నలుపు తెలుపు రాళ్ళు వరసలుగా పేర్చిన ముఖభాగం, లోతుగా చెక్కిన మూడు ద్వారాలు పదమూడో శతాబ్దం నాటివి. వాటిలో ఫ్రాన్స్ గోథిక్ శిల్పుల చెయ్యి తెలుస్తుంది. నడిమి ద్వారం పైన ఇనుప పెనంమీద కాలుతున్న సెయింట్ లారెన్స్ శిల్పం ఉంది.

లోపల ఎడమవైపు, బాప్తిస్మమిచ్చు యోహాను ఛాపెల్. మొదటి క్రూసేడు కాలంలో, 1098లో, మీరా నుంచి జెనోవా నావికులు తెచ్చిన భస్మం ఆయనదేనని నమ్మకం. మత్తేయో చివితాలి, ఆండ్రెయా సాన్సోవినోల పాలరాతి విగ్రహాలు ఇక్కడున్నాయి. యోహాను తలను కోరినది ఒక స్త్రీ గనుక స్త్రీలకు ఈ ఛాపెల్‌లోకి ప్రవేశం ఉండేది కాదు. నేలమాళిగలో ఉన్న నిధి మ్యూజియాన్ని 1956లో అల్బినియే రూపొందించాడు. గుండ్రని రాతి గదుల్లో ఒక్కో వస్తువుకు ఒక్కో వెలుగు. అక్కడున్న ఆరుపలకల ఆకుపచ్చ పళ్ళెం 1101లో సిజేరియాను గెలిచి గుల్యెల్మో ఎంబ్రియాకో తెచ్చింది. క్రీస్తు కడరాత్రి భోజనం చేసిన మరకతపు పాత్ర అని శతాబ్దాలపాటు కొలిచారు. నెపోలియన్ మనుషులు పారిస్ పట్టుకుపోయారు. 1816లో ముక్కలై తిరిగొచ్చింది, గాజు అని రూఢి అయింది. అయినా దాన్ని జాగ్రత్తగా అతికించి, అంతే ఆదరంతో ఉంచారు.

కుడి నడవలో ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకాదళం నగరంపై దాడి చేసినప్పుడు 381 మిల్లీమీటర్ల గుండు చర్చి గోడ చీల్చుకుని లోపల పడింది, పేలలేదు.

ప్రధాన బలిపీఠం మీద మరియమాత కంచు విగ్రహం ఉంది. దాని వెనక ఒక రాజకీయ కథ ఉంది. పదిహేడో శతాబ్దపు యూరప్ దర్బారుల్లో కిరీటం లేని రాజ్యాల రాయబారులకు వెనక వరసలోనే చోటు దొరికేది. 1637లో జెనోవా గణతంత్రం మరియమాతను తమ రాణిగా ప్రకటించింది. కిరీటమూ వచ్చింది, ఎవరికీ తలవంచనక్కరలేకుండానూ పోయింది. భక్తి, లెక్క రెండూ ఇంత సహజంగా కలిసిపోవడం జెనోవాకే చెల్లింది.

కేథడ్రల్ వెనకాల సందుల్లో ఉన్న చిన్న చౌకం పియాత్సా సాన్ మత్తేయో. చాలామంది యాత్రికులు దీన్ని దాటిపోతారు. వీలైతే ఇక్కడే ఎక్కువసేపు ఉండాలి. చుట్టూ డోరియాల ఇళ్ళు, మధ్యలో డోరియాల చర్చి. 1125లో మార్తినో డోరియా స్థాపించగా 1278లో తిరిగి కట్టారు. చారల్లోని తెల్లరాతి వరసలమీద ఆ కుటుంబం గెలిచిన సముద్రయుద్ధాలు శాసనాలుగా చెక్కి ఉన్నాయి. ముఖభాగాన కిటికీ కింద ఒక ప్రాచీన రోమన్ శవపేటిక ఉంది. అందులో సమాధి అయినవాడు లాంబా డోరియా, 1298లో కుర్జోలా దగ్గర వెనిస్ నౌకాదళాన్ని ఓడించినవాడు. చర్చి కింద గదిలో ఆండ్రెయా డోరియా సమాధి, మోంతోర్సోలి శిల్పం.

సాన్ జోర్జో భవనం, మోటుపల్లి ప్రస్తావన

కుర్జోలా నుంచి తెలుగు నేలకు ఒక దారి ఉంది. రేవు అంచున నిలిచిన సాన్ జోర్జో భవనాన్ని 1260లో ప్రజానాయకుడు గుల్యెల్మో బొకానెగ్రా పాలనా భవనంగా కట్టించాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో వెనిస్ వారి భవనాన్ని పడగొట్టి తెచ్చిన రాళ్ళు, సింహం తలలు ఇందులో వాడారు. తరువాత ఇది చెరసాల కూడా అయింది. కుర్జోలా యుద్ధంలో పట్టుబడ్డ వెనిస్ వర్తకుడు మార్కో పోలో ఇక్కడే బందీగా ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. తోటి బందీ, పీసా వాసి రుస్తికెల్లో రాస్తుండగా తన ప్రయాణాలు చెప్పింది జెనోవా చెరలోనే. ఆ పుస్తకంలో ముత్‌ఫిలి అనే రాజ్యం వస్తుంది. అక్కడి వజ్రాలు, సాలెగూడంత సన్నని బట్టలు, న్యాయంగా ఏలుతున్న ఒక రాణి అందులో కనిపిస్తారు. ఆ పేరు నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవుదనీ, ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అనీ చరిత్రకారులు గుర్తించారు. గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి యూరప్ పాఠకులకు పరిచయమైంది ఈ నగరం నుంచే.

1407లో ఏర్పడిన సాన్ జోర్జో బ్యాంకుకు తరువాత ఇదే భవనం స్థానమైంది. గణతంత్రానికి అప్పులిచ్చి, ఆ అప్పులకు హామీగా పన్నులు, ఒక దశలో కోర్సికా వంటి భూభాగాలే దాని చేతిలో ఉండేవి. 1805లో నెపోలియన్ పాలనలో రద్దయింది. రేవు వైపు గోడమీద లద్జారో తవరోనె పదిహేడో శతాబ్దారంభంలో వేసిన చిత్రాలను తరువాతి కాలాల్లో తిరిగి వేశారు. ఇప్పుడిది రేవు అధికార సంస్థ కార్యాలయం.

డోరియా రాకుమారుడి భవనం

ఆండ్రెయా డోరియాకు గణతంత్రం సాన్ మత్తేయో చౌకంలో ఒక ఇల్లు బహూకరించింది. ఆయన మాత్రం ఊరి గోడల బయట, ఫస్సోలోలో, సముద్రానికి దిగే తోటలతో పలాజ్జో దెల్ ప్రిన్చిపె కట్టుకున్నాడు. రాజు కాకూడదన్న ఊళ్ళో రాజులా బతకాలంటే గోడ దాటక తప్పదు. 1527 రోమ్ దోపిడీ నుంచి తప్పించుకు వచ్చిన రఫాయెల్ శిష్యుడు పెరీనో దెల్ వాగా లోపలి చిత్రాలు వేశాడు. ఒక హాలు పైకప్పున జూపిటర్ పిడుగులతో రాక్షసులను కూల్చుతుంటాడు. ఆ జూపిటర్‌లో ఐదవ చార్లెస్‌ను చూడమన్నది సూచన. ఆ చక్రవర్తి 1533లో ఈ ఇంట్లోనే దిగాడు. భవనం ఇప్పటికీ డోరియా పాంఫిలి వారసులదే, సందర్శకులకు తెరిచి ఉంటుంది.

కుటుంబాల చర్చిలు

డోజ్ నివాసమైన పలాజ్జో దుకాలె 1777 అగ్నిప్రమాదం తరువాత సిమోనె కాంతోని చేతిలో కొత్త ముఖం పొందింది. ఇప్పుడు ప్రదర్శనల కేంద్రం. దాని పక్కనే జేసూ చర్చి. 1589 నుంచి జెసూయిట్లు కట్టిన దీనికి పల్లవిచినో కుటుంబం పోషణ. ప్రధాన బలిపీఠం మీద రూబెన్స్ 1605లో వేసిన యేసు సున్నతి చిత్రం, పక్క ఛాపెల్‌లో 1620 నాటి సెయింట్ ఇగ్నేషియస్ అద్భుతాలు, గీదో రేని గీసిన మరియమాత స్వర్గారోహణం ఉన్నాయి. మ్యూజియంలో అయితే టిక్కెట్టు కొని చూడవలసినవి ఇక్కడ ఏ చోటు కోసం వేశారో ఆ చోటే, వాటి కోసమే అమర్చిన వెలుతురులో ఉన్నాయి.

బాంకి చౌకంలోని సాన్ పియెత్రో చర్చి దుకాణాల మీద ఉంది. ప్లేగు నుంచి బయటపడాలన్న మొక్కుతో పదహారో శతాబ్దం చివర కట్టారు. డబ్బు చాలక కింద దుకాణాలు వేసి, వాటి ఆదాయంతో పైన దేవుడిని నిలిపారు. మెట్లెక్కి వెళ్ళాలి. కింద వ్యాపారం నేటికీ సాగుతోంది.

సాంతిస్సిమా అన్నుంత్సియాతా దెల్ వస్తాతో లొమెల్లినిల చర్చి. ట్యునీషియా తీరంలోని తబర్కాలో పగడాలు తీసే హక్కు ఆ కుటుంబానిది. ఆ సంపద పైకప్పంతా బంగారంగా పరచుకుంది. కుడ్యచిత్రాల్లో కార్లోనె సోదరుల చెయ్యి ఎక్కువ. యుద్ధంలో బాగా దెబ్బతిన్నా తిరిగి నిలబెట్టారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన వాతావరణం సాంతా మరియా ది కస్తెల్లోది. పాత రోమనెస్క్ చర్చి, 1442లో డొమినికన్లకు వచ్చింది. దాని మఠం చావడిలో 1451లో జర్మన్ చిత్రకారుడు యూస్తుస్ సంతకం చేసిన మంగళవార్త చిత్రం ఉంది. సన్యాసుల నిశ్శబ్దం తెలియాలంటే అక్కడికే వెళ్ళాలి.

కరిన్యానో కొండమీది సాంతా మరియా అస్సూంతా కథ పూర్తిగా జెనోవా తరహాది. 1481లో బెందినెల్లో సౌలి వీలునామా రాస్తూ సాన్ జోర్జోలో సొమ్ము ఉంచి, అది దశాబ్దాలపాటు పెరిగాక చర్చి కట్టమన్నాడు. వారసులు ఆగారు. 1552లో పెరూజియా వాస్తుశిల్పి గలెయాత్సో అలెస్సీతో పని మొదలుపెట్టించారు. నాలుగువైపులా ఒకేలా కనిపించే చతురస్రం, నడుమ ఎత్తైన గుమ్మటం. లోపల గుమ్మటాన్ని మోసే స్తంభాల గూళ్ళలో ఫ్రెంచి శిల్పి పియెర్ పూజె చెక్కిన సెయింట్ సెబాస్టియన్ ఉన్నాడు. కట్టేసిన ఆ దేహం మెలితిరిగిన తీరు చూస్తే పాలరాయి అన్న సంగతి మరచిపోతాం.

రాజులు వచ్చాక

1815లో జెనోవా సవోయ్ రాజ్యంలో కలిసింది. ఆ రాజులకు నగరంలో నివాసం కావలసివచ్చి 1824లో బాల్బి వీధిలోని ఒక ఇల్లు కొన్నారు. నేటి పలాజ్జో రెయాలె, అంటే రాజభవనం, అదే. పదిహేడో శతాబ్దం మధ్యలో బాల్బి కుటుంబం కట్టించిన ఆ ఇంటిని దురాత్సోలు కొని పెంచారు. అద్దాల శాల, వాన్ డైక్ చిత్రాలు రెండూ వర్తకుల అభిరుచే. రాజులు సింహాసనపు గది, నాట్యశాల అమర్చుకున్నారు.

ఇల్లు ఇల్లుగా ఎలా ఉండేదో చూడాలంటే పెల్లిచ్చెరియాలోని స్పినోలా ప్రాసాదానికి వెళ్ళాలి. 1593లో ఫ్రాంచెస్కో గ్రిమాల్డి కోసం కట్టారు. తవరోనె చిత్రించిన హాళ్ళు, చిన్న అద్దాల శాల, పాత వంటిల్లు, సామానుతో సహా నిలిచి ఉన్నాయి. 1958లో స్పినోలా సోదరులు దీన్ని ప్రభుత్వానికి ఇచ్చారు. రూబెన్స్ వేసిన గుర్రంమీది జొవాన్ కార్లో డోరియా, ఆంతొనెల్లో ద మెస్సీనా గీసిన ముళ్ళకిరీటపు క్రీస్తు ఇక్కడున్నాయి. ఆ క్రీస్తు చిత్రం చిన్నది, దగ్గరగా వెళ్ళి కళ్ళలోకి చూడాలి. అంతకు ముందే, 1874లో, గల్లియెరా డచెస్ మరియా బ్రిన్యోలె సాలె ఎర్ర ప్రాసాదాన్ని చిత్రాలతో సహా నగరానికి ఇచ్చింది. తెల్ల ప్రాసాదం ఆమె వీలునామా ద్వారా వచ్చింది.

సందర్శన

కొత్త వీధిలోని మూడు మ్యూజియాలకు, అంటే ఎర్ర, తెల్ల, తుర్సి ప్రాసాదాలకు, ఒకే టిక్కెట్టు. రోల్లి ఇళ్ళు చాలావరకు బ్యాంకులు, కార్యాలయాలు, కాపురాలు గనుక మామూలు రోజుల్లో వాకిలి వరకే ప్రవేశం. వసంతంలోనూ శరత్తులోనూ రోల్లి దినాలు జరిపి కొన్ని పదుల ఇళ్ళను తెరుస్తారు. ప్రయాణాన్ని ఆ రోజులకు కలిసేలా పెట్టుకోవడం మంచిది. చర్చిలు చాలావరకు మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు, కాబట్టి ఉదయం చర్చిలు, మధ్యాహ్నం ప్రాసాదాలు చూసుకోవచ్చు. సాన్ లొరెంజో, సాన్ మత్తేయో, జేసూ మూడూ కొద్ది నిమిషాల నడకలో ఉన్నాయి. బాంకి, సాన్ జోర్జో అక్కడి నుంచి రేవు వైపు దిగువకు, కొత్త వీధి ఎగువకు. డోరియా రాకుమారుడి భవనం ప్రిన్చిపె రైల్వే స్టేషను పక్కనే ఉంది. రైల్లో వచ్చేవాళ్ళు దాన్ని మొదట చూసి, బాల్బి వీధి మీదుగా పలాజ్జో రెయాలె, అన్నుంత్సియాతా చూసుకుంటూ పాత పట్టణంలోకి నడిచి రావచ్చు.